ఫ్రీక్యాడ్ 1.0 స్కెచర్‌తో ఒక మామిడి సీజను

తిరుపతిలో మాది ఇద్దరు మనుషుల డిజైను గది. రేణిగుంట వైపున్న గాజులమండ్యం పారిశ్రామికవాడలో ప్లేట్లు కోయించి, వెల్డింగు చేయించి, చిత్తూరు చుట్టుపక్కల ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు మోటారు బేస్‌ప్లేట్లు, బెల్టు గార్డులు, బేరింగు బ్రాకెట్లు వంటివి గీసి ఇవ్వడం మా పని. తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో ఆ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు నడుస్తాయి కాబట్టి, మాకు రావలసిన పని అంతా ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చి మీద పడుతుంది. ఒకే రకం ప్లేటును నాలుగు మోటారు సైజులకు నాలుగుసార్లు గీయవలసి రావడంతో విసిగి, ఒకసారి గీసి కొలతలు మాత్రం మార్చుకునే పారామెట్రిక్ పద్ధతికి వచ్చాము. 2024 నవంబరులో విడుదలైన ఫ్రీక్యాడ్ 1.0 అనే డిజైను (క్యాడ్) సాఫ్ట్‌వేర్‌ను ఒక పూర్తి సీజను వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నో విభాగాలు ఉన్నా, ఇక్కడ నేను తూచి చూసేది దాని స్కెచర్‌ను, అంటే ఘనంగా మార్చకముందు చదునైన గీతలు గీసే భాగాన్ని మాత్రమే. కొలత మార్చినప్పుడు మోడల్ నిలబడుతుందా, చెదిరిపోతుందా అన్నది అక్కడే తేలుతుంది.

ధర గురించి చెప్పవలసింది తక్కువ. ఇది ఉచితం, సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. మా దగ్గరకు శిక్షణకు వచ్చే పాలిటెక్నిక్ పిల్లలు తమ ల్యాప్‌టాపుల్లో వేసుకుని ఇంటికి తీసుకుపోగలగడం, ఏడాది తిరిగేసరికి లైసెన్సు గడువు గురించి తల పట్టుకోనవసరం లేకపోవడం మా వంటి చిన్న గదికి పెద్ద ఊరట.

గీసిన గీతలకు షరతులు పెట్టి, ఆ షరతులను కంప్యూటరే నెరవేర్చేలా చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ పరిశోధనలోనే అది ఉంది. ఫ్రీక్యాడ్ స్కెచర్‌లో ఆ షరతును కన్‌స్ట్రెయింట్ అంటారు. తెర మీద పెట్టిన ప్రతి ఆకారానికీ కొంత కదిలే స్వేచ్ఛ ఉంటుంది. క్యాడ్ వాళ్ళు దానినే డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ అని లెక్కపెడతారు. బిందువుకు 2, గీతకు 4, వృత్తానికి 3. నాలుగు విడి గీతలకు మొత్తం 16. వాటి కొసలను నాలుగు చోట్ల కలిపితే 8 పోతాయి. రెండింటిని అడ్డంగా, రెండింటిని నిలువుగా ఉండమంటే ఇంకో 4 పోతాయి. మిగిలిన 4 దీర్ఘచతురస్రం ఎక్కడ ఉండాలి, ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్న ప్రశ్నలు. స్కెచర్‌లోని దీర్ఘచతురస్రం పరికరంతో గీస్తే మొదటి 12ను అదే తీసేసి, ఆ 4 మాత్రం మనకు వదులుతుంది. ఎంత స్వేచ్ఛ మిగిలిందో పక్క పలకలో ఎప్పటికప్పుడు చూపిస్తుంది. ఆ సంఖ్యను నొక్కితే ఇంకా కదలగలిగే గీతలూ బిందువులూ వెలుగుతాయి. మొత్తం సున్నాకు వచ్చినప్పుడు స్కెచ్ పచ్చబడుతుంది. మొదటి నెలలో మేమిద్దరం ఆ పచ్చరంగు కోసం పరీక్షలో మార్కుల కోసం పరిగెత్తినట్టు పరిగెత్తాము. అక్కడే దెబ్బ తగిలింది.

దెబ్బ ఎలా తగిలిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ స్కెచ్‌లో సాఫ్ట్‌వేర్ తప్పు ఒక్కటీ లేదు. కాళ్ళ మీద బిగించే ప్రామాణిక మోటార్లకు, సైజును తెలిపే ఫ్రేము సంఖ్యను బట్టి కొలతలు స్థిరంగా ఉంటాయి. షాఫ్టుకు అడ్డంగా రెండు కాళ్ళ రంధ్రాల మధ్య దూరాన్ని ఎ అని, షాఫ్టు పొడవునా ముందు వెనుక రంధ్రాల మధ్య దూరాన్ని బి అని, షాఫ్టు భుజం (షాఫ్టు సన్నబడే మెట్టు) నుంచి ముందు రంధ్రం దాకా ఉన్న దూరాన్ని సి అని అంటారు. 112ఎం ఫ్రేముకు ఇవి వరుసగా 190, 140, 70 మిల్లీమీటర్లు. 132ఎంకు 216, 178, 89. మేము 112ఎం కోసం ప్లేటు గీసినప్పుడు ముందు అంచు నుంచి 30 మిల్లీమీటర్లు లోపలికి మొదటి రంధ్రాల వరుస, అక్కడి నుంచి బి దూరంలో రెండో వరుస పెట్టాము. యంత్రపు ఫ్రేముకు ప్లేటును బిగించే రంధ్రాలను కూడా ఆ ముందు అంచు నుంచే కొలిచాము. స్కెచ్ పచ్చగా మెరిసింది. ఆ ఫ్యాక్టరీలో మోటారును 132ఎంకు పెంచారు. మేము ఎ, బి సంఖ్యలు మార్చాము, రెండు క్షణాల్లో కొత్త ప్లేటు తయారైంది, 10 మిల్లీమీటర్ల ప్లేటు లేజరు మీద కోయించి పంపించాము.

మరునాడు ఫిట్టర్ ఫోను చేశాడు. "ప్లేటు బాగానే కూర్చుండాదన్నా, బెల్టే పక్కకు చూస్తా ఉండాది" అన్నాడు. లెక్క చూసుకుంటే తెలిసింది: ముందు రంధ్రాలు అంచుకు 30 మిల్లీమీటర్ల లోపలే ఉన్నాయి గాని, సి 70 నుంచి 89కి పెరిగింది కాబట్టి షాఫ్టు భుజం ప్లేటు అంచుకు ముందు 40 ఉండవలసిన చోట 59కి వెళ్ళింది. పుల్లీ గీత 19 మిల్లీమీటర్లు జరిగిపోయింది. పుల్లీని షాఫ్టు మీద వెనక్కు జరిపి కొంత సర్దాడు, కానీ గార్డు తగులుతోందని చివరకు ప్లేటునే మార్చవలసి వచ్చింది. స్కెచ్‌లో స్వేచ్ఛ సున్నా, ఎరుపు గుర్తు ఒక్కటి లేదు. ప్లేటు మాత్రం తుక్కు.

ఇక్కడ ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. మా జతగాడు వెంటనే, పాఠాల్లో అందరూ చెప్పే సలహా ప్రకారం, రంధ్రాలన్నింటినీ మూలబిందువుకు నాలుగువైపులా సౌష్ఠవంగా పెడదామన్నాడు. కాగితం మీద లెక్కకట్టి చూశాము. ప్లేటు మధ్య నుంచి షాఫ్టు భుజం దాకా దూరం బిలో సగానికి సి కలిపినంత: 112ఎంకు 140, 132ఎంకు 178. అంటే పుల్లీ 38 మిల్లీమీటర్లు జరుగుతుంది. మొదటి తప్పుకు సరిగ్గా రెట్టింపు. సౌష్ఠవం మంచి అలవాటే, కాకపోతే అది ఏ దిశలో నిజమో మోటారును అడగాలి. షాఫ్టుకు అడ్డంగా మోటారు నిజంగానే సౌష్ఠవంగా ఉంటుంది. షాఫ్టు పొడవునా ఉండదు. ఆ దిశలో కదలకూడనిది పుల్లీ ఒక్కటే, ప్లేటు ఎంత పెరిగినా వెనక్కే పెరగాలి.

ఆ తరువాత ప్లేటును మొదటి నుంచి గీశాము. స్కెచ్‌లోని నిలువు అక్షాన్ని షాఫ్టు అక్షంగా, అడ్డ అక్షాన్ని షాఫ్టు భుజం గీతగా అనుకున్నాము. నాలుగు రంధ్రాల కేంద్రాలను ఒక సహాయక దీర్ఘచతురస్రం మూలల్లో పెట్టి, దాని పై రెండు మూలలను నిలువు అక్షానికి సౌష్ఠవంగా కట్టి, వాటి మధ్య దూరానికి ఎ, అడ్డ అక్షం నుంచి ముందు గీతకు సి, అక్కడి నుంచి వెనుక గీతకు బి అని ఇచ్చాము. వృత్తాలు నాలుగింటినీ సమానమని చెప్పి ఒకదానికి మాత్రమే వ్యాసం ఇచ్చాము. మొత్తం నాలుగే కొలతలు, నాలుగింటికీ పేర్లు ఉన్నాయి, ఆ పేర్లు మోటారు కేటలాగులో కనిపించే పేర్లే. ఈ స్కెచర్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే: ప్రతి కొలతకూ పేరు పెట్టుకోవచ్చు, ఆ పేరును ఇంకో కొలతలో సూత్రంగా వాడుకోవచ్చు. ప్లేటు వెడల్పు అని ఒక సంఖ్య వేయకుండా, ఎకు రెండు పక్కల అంచు మార్జిన్లను, బెల్టు బిగించడానికి మోటారు జరిగే దూరాన్ని కలిపిన సూత్రం ఇస్తే, ఎ మారినప్పుడు వెడల్పు తనంతట తానే మారుతుంది.

కన్‌స్ట్రెయింట్లు పెట్టే వరుస కూడా మాకు అనుభవం మీద తెలిసింది. ముందు కలయికలు, అడ్డం, నిలువు, సమానం, సౌష్ఠవం, స్పర్శ వంటి ఆకారపు షరతులు పెట్టాలి. తరువాత మౌసుతో ఒక మూలను పట్టి లాగాలి. ఆకారం చెదరకుండా సాగితే మన ఉద్దేశం స్కెచ్‌కు అర్థమైనట్టు. అప్పుడే కొలతలు ఇవ్వాలి. కొలతలు ముందే దిగ్గొట్టినట్టు పెట్టేస్తే, లాగి చూసే అవకాశం పోతుంది. గీసేటప్పుడే తెర మీద కొలత టైపు చేసే సౌకర్యం 1.0లో వచ్చింది, వేగం పెరుగుతుంది, నిజమే, కానీ మా గదిలో శిక్షణకు వచ్చినవారికి మొదటి రెండు వారాలు దానిని ఆపేసి ఉంచుతున్నాము.

బ్లాక్ అనే కన్‌స్ట్రెయింట్ ఒకటి ఉంది. ఒక గీతను ఉన్నచోటే ఉన్నట్టు కట్టిపడేస్తుంది. పచ్చరంగు తెప్పించడానికి దీనికి మించిన దొంగదారి లేదు. దిగుమతి చేసుకున్న లోగో వంటి వంకర గీతలకు తప్ప దీనిని వాడకూడదని మేము నియమం పెట్టుకున్నాము.

మిగులు షరతుల విషయంలో స్కెచర్ చాలా కచ్చితంగా ఉంటుంది, అదే దాని మంచితనం. దీర్ఘచతురస్రంలో ఒక కర్ణం కొసలను మూలబిందువుకు సౌష్ఠవంగా పెట్టాక, రెండో కర్ణం కొసలకు కూడా అదే షరతు పెట్టబోతే, అది ముందే చెప్పిన సంగతేనని వెంటనే పట్టుకుని, ఏ కన్‌స్ట్రెయింట్లు మిగులో వాటి సంఖ్యలతో సహా చూపిస్తుంది. వాటిని నొక్కితే తెర మీద ఎంపికవుతాయి. కొత్తవారు దీనిని కసురుకుంటారు. ఒకే మాటను రెండుసార్లు చెప్పడంలో తప్పేముందని మా దగ్గర ఒక అబ్బాయి అడిగాడు. ఇవాళ రెండు మాటలూ ఒకటే కావచ్చు. రేపు ఒక కొలత మారితే అవి ఒకదానికొకటి ఎదురుతిరుగుతాయి, అప్పుడు ఏది నిజమో స్కెచ్‌కు తెలియదు. ఒక దూరాన్ని చూడాలని మాత్రమే ఉంటే, ఆ కొలతను రిఫరెన్సు రకానికి మార్చుకోవచ్చు. అది గీతను శాసించదు, ఎంత ఉందో చెబుతుంది అంతే. మేము యంత్రపు ఫ్రేముకు బిగించే రంధ్రం అంచుకు ఎంత దగ్గరగా వచ్చిందో ఈ పద్ధతిలోనే కనిపెట్టి ఉంటున్నాము.

లోపల జరిగే లెక్క గురించి ఒక మాట తెలుసుకుంటే చాలా తలనొప్పి తగ్గుతుంది. స్కెచర్‌లో షరతులను లెక్కకట్టి గీతలను సర్దే భాగం, అంటే సాల్వర్, బీజగణితంలాగా ఒకేసారి జవాబు రాసేయదు. ఇప్పుడున్న స్థానాల నుంచి మొదలుపెట్టి, అడుగు అడుగుగా సవరించుకుంటూ దగ్గరలో దొరికిన పరిష్కారం దగ్గర ఆగుతుంది. షరతులకు రెండు పరిష్కారాలు ఉంటే, దగ్గరగా ఉన్నది గెలుస్తుంది. అందుకే 20 మిల్లీమీటర్లు ఉన్నదానిని ఒక్కసారిగా 400 చేస్తే, స్పర్శతో కట్టిన చాపం లోపలికి తిరగబడవచ్చు, కోణం అవతలి వైపు తెరుచుకోవచ్చు. గీసేటప్పుడే అసలు సైజుకు దగ్గరగా గీయడం, స్పర్శ చాపాలను వీలైనంత తగ్గించడం దీనికి మందు. మూలల గుండ్రదనాన్ని మేము ఇప్పుడు స్కెచ్‌లో పెట్టడం లేదు. ప్లేటు ఘనంగా మారిన తరువాత చివర్లో ఫిల్లెట్‌గా ఇస్తున్నాము. స్కెచ్ తేలికబడుతుంది, ఫిల్లెట్ తప్పిపోయినా అడుగు చెదరదు.

నాలుగు మోటారు ఫ్రేముల కొలతలను ఫ్రీక్యాడ్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ప్రతి గడికీ ఒక పేరు ఇచ్చి, స్కెచ్‌లోని కొలతలను ఆ పేర్లకు కట్టాము. దానిలోని కాన్ఫిగరేషన్ పట్టికతో 90ఎల్, 100ఎల్, 112ఎం, 132ఎం అనే జాబితా తయారవుతుంది. ఒకటి ఎంచుకుంటే మొత్తం వరుస మారుతుంది. 90ఎల్‌కు 140, 125, 56. 100ఎల్‌కు 160, 140, 63. కేటలాగును పక్కన పెట్టుకుని ఒకసారి జాగ్రత్తగా టైపు చేస్తే చాలు, తరువాత చేతితో సంఖ్య కొట్టే పని ఉండదు, తప్పూ ఉండదు. అయితే ఇక్కడ రెండు ఇబ్బందులు ఉన్నాయి. స్ప్రెడ్‌షీట్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్ ఒకే వస్తువుగా చూస్తుంది. ఒక గడి మారితే, ఆ గడితో సంబంధం లేకపోయినా ఆ షీటు మీద ఆధారపడ్డవన్నీ మళ్ళీ లెక్కకు వస్తాయి. పెద్ద మోడల్‌లో ఇది విసిగిస్తుంది. ఇంకొకటి, స్కెచ్ షీటు నుంచి విలువ తీసుకుంటూ ఉండగా, అదే షీటులోకి ఆ స్కెచ్ నుంచి ఏదైనా కొలత తెచ్చుకోబోతే, చక్రంలా తిరుగుతోందని ఒప్పుకోదు. ఇచ్చే విలువలకు ఒక షీటు, చూసుకునే విలువలకు ఇంకో షీటు పెట్టుకుని మేము దీనిని దాటాము.

ఫ్రీక్యాడ్ పేరు చెప్పగానే పాతవారు ముందుగా అడిగేది ముఖాల పేర్లు మారిపోయే జబ్బు గురించి. ఘనంలోని ముఖాలకు, అంచులకు సాఫ్ట్‌వేర్ ముఖం6, అంచు12 అన్నట్టు వరుస సంఖ్యలు ఇస్తుంది. ముందు అడుగులో ఒక రంధ్రం చేరితే ఆ వరుస మారి, ముఖం6 మీద కూర్చున్న స్కెచ్ ఎగిరి ఇంకో ముఖం మీద పడేది. 1.0లో వచ్చిన ముఖ్యమైన మార్పు దీనికి కట్టు కట్టడమే, ఆ కట్టు చాలావరకు నిలుస్తుంది. కానీ పూర్తిగా నయమైందని దాని తయారీదారులు కూడా అనలేదు. మేము ఇప్పటికీ స్కెచ్‌లను ముఖాల మీద పెట్టడం లేదు. మూల తలాల మీద గాని, వాటి నుంచి కొలతతో జరిపిన తలాల మీద గాని పెడుతున్నాము. ప్లేటు పైముఖం కావాలంటే, మూల తలాన్ని మందం పేరుతోనే పైకి జరుపుతాము. పక్క అడుగులోని అంచును బయటి గీతగా తెచ్చుకోవడం సులువే, అయినా ఆ అంచు ఏ సంఖ్య నుంచి పుట్టిందో ఆ సంఖ్యనే నేరుగా అడగడం మేలు.

ఫ్యాక్టరీల నుంచి వచ్చే పాత డ్రాయింగుల మాట కూడా చెప్పాలి. డీఎక్స్‌ఎఫ్ అనే క్యాడ్ డ్రాయింగు ఫైలును స్కెచ్‌గా మార్చితే, కంటికి కలిసినట్టు కనిపించే గీతలు నిజానికి కలిసి ఉండవు. ఒక కొస ఇంకో కొసకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. అటువంటి స్కెచ్‌ను ఘనంగా ఎత్తబోతే గొడవ పెడుతుంది. స్కెచ్‌ను సరిచూసే పరికరం ఒకటి ఇందులో ఉంది. మనం ఇచ్చిన దూరంలోపు ఉన్న విడి కొసలను వెతికి చూపించి, ఒక్క నొక్కుతో కలుపుతుంది. ఈ ఒక్క పరికరం మే నెలలో మాకు ఎన్ని రాత్రుల నిద్ర మిగిల్చిందో లెక్కలేదు.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. కన్‌స్ట్రెయింట్ల గుర్తులు చిన్న స్కెచ్‌లో కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కి గీతలను కప్పేస్తాయి; వందకు పైగా షరతులు ఉంటే, పక్కనున్న జాబితాలో పేరు పెట్టని కన్‌స్ట్రెయింట్‌ను వెతకడం సంతలో తప్పిపోయిన పిల్లవాడిని వెతకడమే. పెద్ద స్కెచ్‌లలో సాల్వర్ నెమ్మదిస్తుంది. అందువల్ల ఒక ప్లేటును మూడు చిన్న స్కెచ్‌లుగా విడగొట్టడం మాకు అలవాటైంది, అలవాటు మంచిదే అయినా కారణం మంచిది కాదు. తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశాలు ఎక్కువగా నిపుణుల భాషలో ఉంటాయి. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి ఈ గుర్తుల గందరగోళానికి, సందేశాల భాషకు.

విడిభాగాలు గీసే చిన్న గదులకు, మొదటిసారి పారామెట్రిక్ పని నేర్చుకునే విద్యార్థులకు నేను దీనిని నిస్సంకోచంగా చెబుతాను. కంపెనీ నుంచి వచ్చే ఫైళ్ళను అదే రూపంలో తిరిగి పంపవలసినవారికి మాత్రం ఇది సరిపోదు. వారు ఆ కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్‌లోనే పని చేయవలసి ఉంటుంది.

సీజను ముగిశాక, ఏ ఆర్డరూ లేకపోయినా, ఆ ప్లేటును పట్టికలో లేని 160ఎం ఫ్రేముతో నడిపి చూశాను: ఎ 254, బి 210, సి 108. రంధ్రాలు సరైన చోటికి వెళ్ళాయి, ప్లేటు వెనక్కే పెరిగింది, పుల్లీ గీత వెంట్రుకవాసి కూడా కదలలేదు, స్కెచ్‌లన్నీ పచ్చగానే ఉన్నాయి. కానీ ప్లేటు కింద వెల్డు చేసే 10 మిల్లీమీటర్ల బలపట్టీ, భుజం గీత నుంచి 130 దగ్గర, ముందు రంధ్రానికి 22 మిల్లీమీటర్ల దూరంలో నిలబడి ఉంది. కిందనున్న నట్టు మీద స్పానరు తిరగడానికి చోటు లేదు. ఆ 130ని మొదటి ప్లేటు రోజుల్లో నేనే టైపు చేసి మరిచిపోయాను, చిన్న ఫ్రేములన్నింటిలోనూ అది రెండు వరుసల మధ్య హాయిగా ఇమిడిపోయింది కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఇప్పుడు దాని స్థానంలో సికి బిలో సగం కలిపిన సూత్రం వేసి, 90ఎల్ నుంచి వరుసగా అయిదు ఫ్రేములనూ మళ్ళీ నడిపిస్తున్నాను.